ఓడ దిగి వచ్చిన పండుగలు



2019 మే 12, ఆదివారము. మా సంఘములో మొట్టమొదటిసారిగా ‘మదర్స్ డే’ ఆచరించాము. ఆ ఆలోచన నాదే. సంఘ పెద్దలు అడ్డు చెప్పలేదు. యౌవనస్థులు ముందురోజు కడియపులంక పూల మార్కెట్టుకు వెళ్లి గులాబీలు తెచ్చారు. ఆరాధన చివర సండేస్కూలు పిల్లలందరినీ వేదిక ముందు వరుసగా నిలబెట్టి, తలా ఒక పువ్వు చేతికిచ్చి, “వెళ్లి మీ అమ్మకు ఇచ్చి రండి” అని మైకులో చెప్పాను. పిల్లలు పరుగెత్తారు. ఫోటోలు తీసుకున్నారు. నాకు చాలా సంతోషమైంది.

తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె మాత్రం కదలలేదు. పువ్వు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వాళ్ల అమ్మ అప్పటికి రెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆమె వెళ్లే ముందురోజు వాళ్ల ఇంట్లో ప్రార్థన చేసినవాడిని నేనే. మైకు చేతిలో ఉన్న ఉత్సాహములో మరచిపోయాను.

చివరికి ఆ పిల్ల వెనుక వరుసలో కూర్చున్న అమ్మమ్మ దగ్గరకు వెళ్లి పువ్వు ఇవ్వబోయింది. “నాకెందుకే, మీ అమ్మ వచ్చాక ఇద్దువుగాని” అంది ఆ ముసలితల్లి. “అప్పటికి వాడిపోద్దిగా అమ్మమ్మా” అంది పిల్ల.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆ అమ్మమ్మగారు నన్ను ఆపి, “అయ్యగారండీ, ఈ పండగ బైబిల్లో ఏ పుస్తకంలో ఉందండీ?” అని అడిగింది. “బైబిల్లో లేదమ్మా, అమెరికా నుంచి వచ్చింది” అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, “అయితే ఆళ్ల దేశంలో అమ్మలంతా ఇంటికాడే ఉంటారన్నమాటండీ” అని వెళ్లిపోయింది. ఎగతాళిగా అన్న మాట కాదు, నిజంగానే అనుకుని అంది. ఆ మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మన ఉభయ గోదావరి జిల్లాల పల్లెలలో ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. కువైట్, మస్కట్, దుబాయి అనే పేర్లు చదువురాని ముసలివారి నోట కూడా పలుకుతాయి. మగవారికంటె ముందుగా ఆడవారు విమానమెక్కిన ఇండ్లు ఎన్నో. పిల్లలు అమ్మమ్మల చేతుల్లో పెరుగుతారు. అమ్మ అంటే నెలకొకసారి వచ్చే డబ్బు, ఫోనులో కనబడే ముఖము. ఇలాంటి సంఘములో నేను గులాబీలు పంచాను.

అంతటితో ఊరుకోక ఆ పండుగ ఎక్కడ పుట్టిందో వెదకి చదివాను. చదివితే సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ పండుగను మొదలుపెట్టిన మనిషే నాకంటె ముందు దానిమీద ఏడ్చింది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రములో గ్రాఫ్టన్ అనే చిన్న పట్టణము ఉంది. అక్కడ ఆన్ రీవ్స్ జార్విస్ అనే భక్తురాలు మెథడిస్టు చర్చిలో సండేస్కూలు చెప్పేది. పదిమందికి పైగా పిల్లలను కన్నది. పెద్దవారయ్యేవరకు బ్రతికినవారు నలుగురే. కలరా, టైఫాయిడు వంటి జబ్బులతో పసిపిల్లలు రాలిపోతున్న రోజులవి. ఆమె ఊరూరా తల్లులను కూడగట్టి, నీళ్లు కాచి తాగడము, పాలు చెడకుండా చూసుకోవడము, మందులు లేని ఇండ్లకు మందులు అందించడము నేర్పింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆ తల్లుల చేతనే రెండు పక్షాల సైనికులకూ సేవ చేయించింది. 1905లో ఆమె చనిపోయింది. ఆమె కుమార్తె ఆనా జార్విస్ తల్లి జ్ఞాపకార్థము 1908 మే 10న అదే చర్చిలో ఒక ఆరాధన జరిపించింది. తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషన్ పువ్వులు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే నెల రెండవ ఆదివారమును తల్లుల దినముగా ప్రకటించాడు.

చూశారా, చర్చిలో పుట్టిన పండుగే. సండేస్కూలు టీచరు జ్ఞాపకార్థము పుట్టినదే. కాని పదేళ్లు తిరిగేసరికి పూల వ్యాపారులు మే నెల రాగానే ధర పెంచసాగారు. మిఠాయి కంపెనీలు, కార్డుల కంపెనీలు పండుగను పట్టుకున్నాయి. ఆనా జార్విస్ ఊరుకోలేదు. 1923లో ఫిలడెల్ఫియాలో మిఠాయి వ్యాపారుల సభలోకి వెళ్లి గొడవ పెట్టింది. 1925లో ఒక సంఘమువారు ఈ పండుగ పేరున పువ్వులు అమ్మి చందాలు పోగుచేస్తున్నారని వారి సభకు వెళ్లి అల్లరి చేస్తే పోలీసులు పట్టుకుపోయారు. అచ్చువేసిన కార్డు కొనేవాడు తల్లికి నాలుగు ముక్కలు చేతితో వ్రాయలేని సోమరి అని ఆమె అభిప్రాయము. తాను మొదలుపెట్టిన పండుగను ఆపడానికి తన ఆస్తి, ఆరోగ్యము రెండూ ఖర్చుచేసి 1948లో ఒక శానిటోరియములో కన్నుమూసింది. ఆమె పెండ్లి చేసుకోలేదు, ఆమెకు పిల్లలు లేరు.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. అంతకు చాలా కాలము ముందే ఇంగ్లాండులో ‘మదరింగ్ సండే’ అని ఒక దినము ఉండేది. లెంటు దినాలలో నాలుగవ ఆదివారమున గొప్పవారి ఇండ్లలో పనిచేసే దాసీపిల్లలకు, పని నేర్చుకునే కుర్రవాళ్లకు సెలవిచ్చి, పుట్టిన ఊరి చర్చికి, తల్లి దగ్గరకు పంపేవారు. వారు నడచి వెళ్తూ దారిలో పూసిన పువ్వులు కోసుకుని తల్లికి ఇచ్చేవారట. పరాయి ఇంట్లో పాచిపని చేసుకునే పిల్లకు సంవత్సరములో ఒకనాడు అమ్మను చూపించే పండుగ అది! మన కువైట్ తల్లులకు కావలసిన పండుగ అదే కదా? నేను తెచ్చినది మాత్రము పువ్వును. సెలవును కాదు.

‘విదేశీ పండుగలు మనకెందుకు, అన్నీ మానేద్దాము’ అని ఇక్కడ కొందరు సహోదరులు అంటారు. నేను ఆ మాట అనలేను. మన గోదావరి సీమకు సువార్త వచ్చినదే ఓడమీద. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దొరలు భార్యలతో మచిలీపట్నం వచ్చి, తరువాత నరసాపురము చేరారు. కాటన్ దొరగారు 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టిస్తున్న రోజులలో, రాళ్లు మోసే కూలీల మధ్య బౌడెన్ దొర సువార్త చెప్పారు. ఆ మిషనువారికి ప్రభువు దినమే పండుగ. వారి వారసులైన బ్రదరన్ సహవాసాలలో చాలాచోట్ల నేటికీ క్రిస్మసును ప్రత్యేకముగా ఆచరించరు. వారిని తప్పు పట్టనక్కరలేదు. మరోవైపు 1845లో రాజమండ్రిలో పని మొదలుపెట్టిన లూథరన్ మిషను క్రిస్మసు, లెంటు, ఈస్టరు అన్నీ తెచ్చింది. కాబట్టి పండుగ చేయువాడు, చేయనివాడు ఇద్దరూ మన గోదావరి ఒడ్డున మొదటినుండి ఉన్నారు. రోమా పత్రిక 14వ అధ్యాయము వ్రాసిన పౌలుకు ఈ తగవు క్రొత్త కాదు.

అసలు ప్రశ్న ఓడ దిగిందా లేదా అన్నది కాదు. దిగిన తరువాత ఏమైంది అన్నది.

క్రిస్మసు నక్షత్రమును చూడండి. దానిని 1830ల ప్రాంతములో జర్మనీలోని నీస్కీ అనే ఊరిలో, మొరేవియన్ సహోదరుల బడిలో పిల్లలకు క్షేత్రగణితము నేర్పడానికి కాగితముతో చేయించారు. అది మన ఊళ్లకు వచ్చి, వెదురు బద్దలు, రంగు కాగితాలు, మైదా జిగురుతో మన నక్షత్రమైపోయింది. నా చిన్ననాడు డిసెంబరు రాగానే వెదురు చీల్చడము, వేళ్లు కోసుకోవడము, జిగురు గిన్నె ఒలకబోసి అమ్మచేత తిట్లు తినడము, ఇదంతా క్రిస్మసులో భాగము. పేటలో ఎవరి నక్షత్రము పెద్దదో పందెము. ఇప్పుడు మడతపెట్టిన ప్లాస్టిక్ నక్షత్రము కొని వ్రేలాడదీస్తున్నాము. అందముగానే ఉంటుంది. కాని దానికోసము ఏ పిల్లవాడూ వేలు కోసుకోడు.

మట్టల ఆదివారము పేరు వినండి. ఎంత చక్కని తెలుగు మాట! ఖర్జూరపు చెట్టు దొరకని చోట కొబ్బరి మట్ట దొరికింది, పండుగ మనదైపోయింది. పెండ్లికూతురు తెల్లచీర సంగతీ అంతే. విక్టోరియా రాణి 1840లో తెల్లని గౌను ధరించి పెండ్లాడాక ఆ వాడుక లోకమంతా ప్రాకింది. మన దేశములో తెలుపు విధవరాలి రంగు కదా, ఎలా అంగీకరించారు అని కొందరు ఆశ్చర్యపోతారు. కాని ఎర్రంచు తెల్లని మధుపర్కాలు తెలుగువారి పెండ్లిలో ముందునుండీ ఉన్నవే. కనుక మన తల్లులు గౌను విడిచి తెల్లచీర కట్టారు, ఉంగరముతోపాటు తాళినీ ఉంచుకున్నారు. ఎవరూ సభ పెట్టి తీర్మానించలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన రాగాలలో కీర్తనలు కట్టినప్పుడు కూడా జరిగినది ఇదే.

కోతల పండుగ కథ ఇంకా బాగుంటుంది. 1843లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ప్రాంతములో రాబర్ట్ హాకర్ అనే పాదిరి, క్రొత్త ధాన్యముతో చేసిన రొట్టెతో ప్రభువు బల్ల ఆచరిద్దామని తన ఊరివారిని పిలిచాడు. ఇప్పుడు చర్చిలలో జరిగే హార్వెస్టు పండుగకు అది ఆరంభమంటారు. అదే 1843లో, అదే దేశములో, హెన్రీ కోల్ అనే ఉద్యోగస్థుడు స్నేహితుల ఉత్తరాలకు జవాబు వ్రాయడానికి తీరిక లేక మొదటి క్రిస్మసు కార్డు అచ్చువేయించి, మిగిలినవి ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మించాడు. ఒకే సంవత్సరము, రెండు పండుగ వస్తువులు. ఒకటి చేతినిండా పనిచేసినవాడు తెచ్చినది, రెండవది తీరిక లేనివాడు కొనేది. మన ఊళ్లలో కోతల పండుగనాడు వడ్ల బస్తా, అరటిగెల, గుమ్మడికాయ, కోడిపుంజు చర్చిలోకి వస్తాయి. వేలములో పది రూపాయల గుమ్మడికాయ వంద రూపాయలు పలుకుతుంది, పుంజు మధ్యలో కూస్తుంది. దీనిని విదేశీ పండుగ అని ఎవరైనా అంటే మా పెద్దలు నవ్వుతారు. కార్డులేమో వచ్చి, దుకాణాలు నింపి, ఫోన్లు రాగానే మాయమైపోయాయి.

ఫిబ్రవరి 14 గురించి వ్రాయమని యౌవనస్థుల తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. ఎక్కువ వ్రాయను. ఆ పరిశుద్ధుని గురించి నిశ్చయముగా తెలిసినది బహు తక్కువ గనుక రోమన్ కాథలిక్ సంఘమే 1969లో ఆయన పేరును తన సాధారణ పంచాంగము నుండి తీసివేసింది. ఆ రోజున పిల్లలను కొట్టేవారి మార్గము మనది కాదు, గుడ్డిగా అంగడి వెంట పోయేవారి మార్గమూ కాదు. ఇంట్లో పిల్లతో సంవత్సరమంతా మాట్లాడే తండ్రికి ఫిబ్రవరి 14 అంటే భయము ఉండదు.

ఇక నాకు కష్టమైన సంగతికి వస్తాను. పుట్టినరోజు.

బైబిలు గ్రంథములో వివరముగా చెప్పబడిన పుట్టినరోజు విందులు రెండు. ఫరోది (ఆదికాండము 40), హేరోదుది (మార్కు 6). మొదటిదానిలో భక్ష్యకారుడు వ్రేలాడాడు, రెండవదానిలో బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెములోకి వచ్చింది. అందుకని పుట్టినరోజే పాపమని నేను చెప్పను. కేకుమీద కొవ్వొత్తులు కూడా అన్యుల ఆచారమేమీ కాదు, 1746లో మొరేవియన్ సహోదరుల నాయకుడైన జింజెన్‌డార్ఫ్ ప్రభువుగారి పుట్టినరోజుకు పెద్ద కేకు చేసి, వయస్సు ఎంతో అన్ని కొవ్వొత్తులు గుచ్చారు. (దీపము ఆరిపోయింది అనడానికి కూడా మనసొప్పక ‘కొండెక్కింది’ అనే తెలుగువారము, పసివాడిచేత దీపాలు ఊదించి చప్పట్లు కొట్టడము మాత్రము నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. అది భక్తి సంగతి కాదు, భాషా మర్యాద.)

నా బాధ కేకు కాదు, కేకు చుట్టూ పెరిగినది. 2016లో మా సంఘములోని ఒక తాపీమేస్త్రి తన కుమారుని మొదటి పుట్టినరోజు చేశాడు. వీధి మొగలో పిల్లవాడి బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ. ఫంక్షన్ హాలు. బెలూన్ల ద్వారము. మూడు అంతస్తుల కేకు. రెండు వందల మందికి బిర్యానీ. భార్య డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోను దానికే పోయింది. చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. “ఎందుకయ్యా ఇంత?” అని ఒకసారి మెల్లగా అడిగాను. “పక్కింటోళ్లు చేశారండి అయ్యగారూ. మనం చెయ్యకపోతే నా పిల్లాడికి తక్కువైపోద్దండి” అన్నాడు. అంతకంటె గట్టిగా నేను చెప్పలేదు. చెప్పకపోగా హాలుకు వెళ్లి ప్రార్థన చేశాను, పిల్లవాడి చేయి పట్టుకుని కేకు కోయించాను, బిర్యానీ తిన్నాను, కవరు తీసుకుని ఇంటికి వచ్చాను.

మరుసటి సంవత్సరము అతని భార్య కువైట్ వెళ్లింది. ఆ ఇంటికి శ్లాబు అప్పు కూడా ఉంది. భారమంతా ఆ కేకుమీదే నెట్టను. కాని అప్పులలో అదొకటి. గులాబీ పట్టుకుని నిలబడిపోయిన పిల్ల ఆ పుట్టినరోజు పిల్లవాడి అక్క.

అనగా ఒక పండుగ అప్పు తల్లిని ఇంటినుండి పంపింది, ఇంకొక పండుగ అమ్మ ఏదీ అని పిల్లను పదిమంది ముందు నిలబెట్టింది. రెండింటిలోనూ ప్రార్థన చేసినవాడు వారి పాదిరి.

అప్పటినుండి లేఖనాలలో పండుగ అన్న మాట కనబడిన చోటల్లా నిలిచి చదువుతున్నాను. యోహాను సువార్త 10వ అధ్యాయములో ప్రభువు శీతకాలమున ఆలయ ప్రతిష్ఠిత పండుగలో సొలొమోను మంటపములో తిరుగుచున్నాడు. ఆ పండుగ మోషే ధర్మశాస్త్రములో లేదు. క్రీస్తు పూర్వము 164లో మక్కబీయులు ఆలయమును శుద్ధిచేసినప్పుడు పుట్టింది. ప్రభువు దానిని త్రోసివేయలేదు. ఎస్తేరు గ్రంథములోని పూరీము పరదేశములో పుట్టిన పండుగ. అయితే 9వ అధ్యాయము 22వ వచనము చూడండి. ఆ దినములలో ఏమి చేయవలెనో చెప్పినప్పుడు, ఒకరికొకరు పంపుకొను బహుమానములతోపాటు దరిద్రులకు కానుకలు అని కూడా ఉంది. నెహెమ్యా 8లోనూ అంతే, తమకొరకు ఏమీ సిద్ధము చేసుకొననివారికి భాగము పంపుమన్నాడు. ద్వితీయోపదేశకాండము 16లో పండుగలో సంతోషించవలసినవారి జాబితా ఉంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. దాసికి కూడా ఆ పంక్తిలో చోటుంది. మన పండుగ దుకాణము నుండి వచ్చినదా, దేవుని వాక్యమునుండి వచ్చినదా తెలుసుకోవడానికి నాకు ఈ జాబితాయే కొలబద్ద. ఫ్లెక్సీ దగ్గరా, గులాబీల దగ్గరా ఎవరు బయట నిలబడిపోయారో చూడాలి.

మేము చేసినది గొప్పేమీ కాదు. మొదటిది, పుట్టినరోజు ప్రార్థనలకు కవరు తీసుకోవడము నేను మానివేశాను. ఇందువల్ల మా ఇంట్లో కొంత ఇబ్బందే, మా అమ్మగారిని అడిగితే చెబుతారు. ప్రార్థన ఇంటి దగ్గర, పిల్లవాడి తాతమ్మమ్మల ఎదుట చేస్తాను. ఫంక్షన్ హాలుకు రానని ముందే చెబుతున్నాను. కొందరికి కోపము వచ్చింది. రెండు కుటుంబాలు వేరే పాదిరిగారిని పిలుచుకున్నారు కూడా.

రెండవది మే నెల ఆదివారము. 2020, 2021లలో కరోనా వలన కూడుకోలేదు. 2022 మే 8న స్త్రీల సమాజమువారితో, “ఈవేళ మీరెవరూ పొయ్యి దగ్గరకు రాకండి” అని చెప్పి, మగవారమే వండాము. పప్పు, వంకాయ కూర, చారు, కోడికూర. మేస్త్రీలు, ఆటో తోలేవారు, ఒక రిటైరయిన టీచరుగారు, నేను. గరిటె పట్టడము చేతకాక నవ్వులపాలయ్యాము. మొదటి బంతిలో స్త్రీలను కూర్చోబెట్టి మేము వడ్డించాము. ఒక పెద్దావిడ ఎంతకూ కూర్చోదే! మగవాడు వడ్డిస్తే తినడమేమిటని లేచిపోతూ ఉంటే, ఆమె కోడలు చేయి పట్టి కూర్చోబెట్టింది. దూరదేశములో ఉన్న తల్లుల పేర్లు ఒక్కొక్కటే చదివి ప్రార్థించాము. ముందుగా సండేస్కూలులో పిల్లలచేత గీతల కాగితముమీద అమ్మకు ఉత్తరము వ్రాయించాము. ఆనా జార్విస్ కోరినది అదే కదా. ఆ ఉత్తరాలు ఫోటో తీసి వాట్సాపులో పంపాము.

గులాబీ పిల్లకు అప్పటికి పన్నెండేళ్లు. వాళ్లమ్మ మధ్యలో ఒకసారి వచ్చి, మూడు నెలలుండి, మళ్లీ వెళ్లింది. బంతి సగములో ఉండగా అమ్మమ్మగారి ఫోను మ్రోగింది. అక్కడ వంటింట్లోనుంచే, యజమానురాలు చూడకుండా మాట్లాడుతోంది. ఉత్తరము చదివానంది. గొంతు సరిగా లేదు. ఆ మాట మార్చడానికేమో, “ఏం కూరలే, ఎవరు వండారు?” అని అడిగింది.

“అయ్యగారే వండారు” అంది పిల్ల.

“ఉప్పు సరిపోయిందా?”

పిల్ల నావైపు చూసి, ఫోనుకు చేయి అడ్డుపెట్టుకుని, “లేదమ్మా” అంది.